అద్దానికి అవతల థిన్నర్ డబ్బా

నాలుగేళ్ల కిందట, ముసురు పట్టిన రోజున, నానక్‌రామ్‌గూడలోని ఒక ఐటీ ఆఫీసులో జరిగిందిది. నేను ఫర్నిచర్‌కు స్ప్రే పాలిష్ వేస్తాను. అద్దాల గదిలో పెద్ద మీటింగ్ టేబుల్‌కు ఆఖరి కోటు వేయాలి. మర్నాడే ఆ గదికి ప్రారంభోత్సవం. కంప్రెసర్‌ను బయటే ఉంచి, పైపును తలుపు కింద నుంచి లాక్కున్నాను. వానాకాలంలో గాలి తేమంతా కంప్రెసర్ ట్యాంకులో నీరై నిలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు కింది వాల్వు తిప్పి ఆ నీళ్లు వదిలేయాలి. తొందరలో మరిచిపోయాను.

సగం టేబుల్ అయ్యేసరికి స్ప్రే గన్ తుప్పున నీళ్లు ఉమ్మింది. నల్లటి మెరుపు మీద తెల్లటి పొక్కులు లేచాయి. పచ్చిగా ఉండగానే థిన్నర్‌తో తుడిస్తే పోతాయి. ఆ డబ్బా అద్దానికి అవతల, కంప్రెసర్ పక్కన, జానెడు దూరంలో ఉంది. నన్ను లోపలికి పంపిన ఆఫీసు మేడం కార్డు గీస్తే తప్ప తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోదు. అద్దం గుద్దాను.

"కార్డు మేడం దగ్గరుంది తమ్మీ, మీటింగ్‌ల ఉన్నది. జర ఆగు," అంది బయటున్న సెక్యూరిటీ అక్క.

అటుగా పోతున్న ఉద్యోగులు పని బాగుందని బొటనవేలు ఎత్తి చూపించారు. నా కళ్ల ముందే పొక్కులు గట్టిపడ్డాయి.

తలుపు తెరుచుకోగానే పోయి వాల్వు తిప్పాను. తుప్పునీళ్లు నిమిషంలో కారిపోయాయి.

"గింతేనా పని?" అంది అక్క.

మర్నాడు టేబుల్‌కు పట్టుగుడ్డ కప్పి రిబ్బన్ కత్తిరించారు. అందరూ ఆ గుడ్డను తెగ మెచ్చుకున్నారట.