పత్తిచేను గట్టు మీద వార్షిక ప్రణాళిక

ఆ రోజుల్లో, కాగితం మీద రాసి కింద స్కేలు పెట్టి గీత గీశానంటే ఆ పని జరిగి తీరుతుందని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు మా పాప అన్నం తినే వేళలు, నిద్రపోయే వేళలు, టీకాల తేదీలు రాసిన కాగితమొకటి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని, దాన్నే వారానికి నాలుగుసార్లు కొట్టేసి మళ్ళీ రాస్తున్నదాన్ని కాబట్టి, అప్పటి ధీమా తలుచుకుంటే ముచ్చటేస్తుంది. పాపని పడుకోబెట్టి, ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని ఇంకోసారి నుదుటి మీద చెయ్యి వేసి చూసి (లేదు, పది నిమిషాల క్రితం కూడా లేదు), ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బీయస్సీలో బోటనీ చదివి ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. నల్లపాడులో మా ఇంటి నుంచి బస్సులో ముప్పావు గంట వెళితే వచ్చే ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం దొరికింది. ఆ స్కూలు అంతకుముందు మిరపకాయల గోడౌను. కాయలు ఖాళీ చేశారు కానీ ఘాటుని ఖాళీ చెయ్యలేకపోయారు. నా మొదటి పాఠంలో సగం తుమ్ములే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి నేనే సైన్సు టీచర్ని. ఎరువుల కొట్టు నడుపుకుంటూ స్కూలు కూడా పెట్టిన కరస్పాండెంట్ గారు చేరిన రోజే చెప్పారు: "అమ్మా, జూన్లో బడి తెరిచే నాటికి ఏడాది మొత్తానికి వార్షిక ప్రణాళిక కావాలి. ఆఫీసర్లొస్తే ముందు అదే అడుగుతారు. ఇంకో మాట, మూడు నెలలు చూస్తాను. పేరెంట్స్ నుంచి ఒక్క కంప్లయింటొచ్చినా నీ దారి నీది, నా దారి నాది."

ఇక నా తపస్సు మొదలైంది. తెల్లటి డ్రాయింగ్ షీటు మీద నిలువు గీతలు, అడ్డ గీతలు. నెల, పాఠం, పీరియడ్లు, బోధనోపకరణాలు, మూల్యాంకనం. పాఠాల పేర్లు ఎర్ర సిరాతో, మిగతావి నీలం సిరాతో. పుస్తకంలో ఏ పాఠం ముందుంటే అది ముందు, ఏది వెనకుంటే అది వెనక. జులై రెండో సోమవారం మూడో పీరియడ్లో గింజ మొలకెత్తుతుంది. డిసెంబరులో పువ్వు విచ్చుకుంటుంది. ఫిబ్రవరిలో గొంగళిపురుగు సీతాకోకచిలుక అవుతుంది. ప్రకృతి అంతా నా గడుల్లో బుద్ధిగా కూర్చుంది. నాలుగు రోజులు నేల మీద బోర్లా పడుకుని గీతలు గీస్తుంటే మా అమ్మ చూసి చూసి, "పెళ్ళిచూపులప్పుడు జడ వేసుకోవడానికి ఇందులో సగం ఓపిక చూపించి ఉంటే ఈపాటికి అల్లుడు కాఫీ తాగుతూ ఉండేవాడు" అంది. కరస్పాండెంట్ గారు మాత్రం షీటుని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, ఒక్క పాఠం పేరైనా చదవకుండా, "గీతలు బ్రహ్మాండంగా వచ్చాయమ్మా" అని ఆఫీసు గోడకి కొట్టించారు.

ఆ షీటులో నేను బాగా గర్వపడిన గడి ఒకటుంది. ఆరో తరగతి, విత్తనం మొలకెత్తుట, బోధనోపకరణాలు: 'పత్తి గింజలు (విద్యార్థులు ఇంటి నుండి తెచ్చెదరు)'. చుట్టూ పత్తిచేలే ఉన్న ఊళ్ళో పత్తి గింజలకేం కొదవ? ఆ రోజు క్లాసులో "పత్తి గింజలు ఎవరు తెస్తారు?" అని అడగడం పూర్తికాకముందే ముందు బెంచీలోంచి "నేన్మేడం!" అని ఒక చెయ్యి లేచింది. ఆ పిల్లకి ఊళ్ళో ఉన్న పేరే అది. ప్రశ్న ఏమిటో తెలియకముందే 'నేను మేడం' అనేస్తుందని పిల్లలంతా నేన్మేడం అని పిలిచేవాళ్ళు. బక్కగా, ఎర్ర రిబ్బన్లతో, కళ్ళు ఎప్పుడూ నా నోటికేసి పెట్టుకుని కూర్చునేది. (దేవుడు నాకు అలాంటి కూతుర్నిస్తే బావుండుననుకున్నాను. ఇచ్చాడు. ఇప్పుడు అది అడిగే ప్రశ్నలకి నా దగ్గర జవాబుల్లేవు.)

మర్నాడు పొట్లం తెచ్చింది. గింజలన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. "మందు పూసిన గింజలు మేడం, కంపెనీవి" అంది గొప్పగా. అందరి చేతా సబ్బుతో రెండేసిసార్లు చేతులు కడిగించానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. కరస్పాండెంట్ గారు తమ గృహప్రవేశంలో మిగిలిన ప్లాస్టిక్ టీ కప్పులిచ్చారు (సైన్సుకి ఆయన చేసిన సేవ అదొక్కటే). నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరికి నాలుగేసి కప్పులు. ఒక వరస కప్పులకి మట్టీ నీళ్ళూ అన్నీ ఇచ్చాం. ఒక వరసకి నీళ్ళు ఇవ్వలేదు. ఒక వరస గింజల్ని గాలి అందకుండా నీళ్ళలో ముంచేశాం. ఇంకో వరసని వెలుతురు తగలకుండా గంపల కింద పెట్టాం. ఏం ఉంటే మొలక వస్తుందో, ఏం లేకపోతే రాదో వారం తిరిగేసరికి తేలాలి. తేలింది కూడా. నా షీటులో రాసినట్టే జరుగుతోందని మురిసిపోయాను.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే, ప్రార్థన ఇంకా పూర్తికాకముందే నేన్మేడం వాళ్ళ నాన్న వచ్చాడు. భుజాన తువ్వాలు, పిక్కల దాకా నల్లరేగడి. ఆయన చేలో పత్తి మొలకెత్తింది కానీ, వాన వెనక్కి పోవడంతో సాళ్ళలో మధ్యమధ్య ఖాళీలు పడ్డాయి. ఆ ఖాళీల్లో మళ్ళీ గింజలు పెట్టడాన్ని అక్కడ పోగుంటలు పెట్టడమంటారు. మొన్న వాన పడేసరికి, అందుకని విడిగా దాచిన పొట్లం కోసం అటక మీద చూస్తే అది లేదు. గుంటూరులో ఆ రకం గింజలు ఇక ఏ కొట్లోనూ లేవు.

"ఏమ్మా టీచరమ్మా, పోగుంటల ఇత్తనాలు తెప్పించి ఏం చేశావు?"

"ప్రయోగం చేశామండీ" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "కొన్నిటికి నీళ్ళు పొయ్యలేదు, కొన్నిటిని నీళ్ళలో ముంచాం..."

ఆయన నన్నూ, కిటికీలో వరసగా ఉన్న కప్పుల్నీ మార్చి మార్చి చూశాడు. "కావాలనే?"

"కావాలనే అండీ. అలా చేస్తేనే తెలుస్తుంది."

"నీళ్ళు పొయ్యకపోతే మొలవదని తెలవడానికి బళ్ళో చేరాలంట! ఇదిగో, మా పిల్ల రేపట్నుంచి రాదు. చేలోకే వచ్చిద్ది. అక్కడైతే ఇత్తనాలు చంపడం నేర్పరు." నేన్మేడం సంచీ లాక్కుని, పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఏడవలేదు. వెనక్కి తిరిగి నన్ను చూస్తూ వెళ్ళింది, తప్పంతా తనదే అన్నట్టు. అదే నన్ను కోసేసింది.

కరస్పాండెంట్ గారు నన్ను ఆఫీసులోకి పిలిచారు. "ఆయన మాటంటే ఆ బజారు మొత్తానికీ వేదం. ఆ పిల్ల రాకపోతే రేపు పది మంది రారు. వెళ్ళి తీసుకురామ్మా. ఆ పిల్ల రాకపోతే నువ్వూ రావక్కర్లేదు." నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, గోడ మీది వార్షిక ప్రణాళిక పీకి చుట్టచుట్టి చేతిలో పెట్టారు. "ఇది చూపించు. పైవాళ్ళ సిలబస్సే అని చెప్పు. ఎర్ర సిరా చూస్తే తగ్గుతాడు."

ఆ సాయంత్రం బడి వదిలాక బయల్దేరాం. చంకలో ప్రణాళిక, చేతిలో చెప్పులు (ఒకటి రేగడిలో దిగబడితే ఇద్దరు పిల్లలు లాగారు), వెనక నలుగురు పిల్లలు గంపల్లో కప్పులు మోసుకుంటూ. ఉద్యోగం పోతుందన్న భయం స్కూలు గేటు దగ్గరే ఉండిపోయింది. ఒక పిల్ల బడి మానేస్తే దానికి కారణం నేనవుతానన్న భయం మాత్రం అడుగడుక్కీ పెరిగింది.

ఆయన వంగి సాళ్ళలో ఖాళీలు చూసుకుంటున్నాడు. నేన్మేడం గట్టు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి, వాళ్ళ నాన్నని చూసి మళ్ళీ కూర్చుంది. ఆయన మాట్లాడకముందే నేను ఒక్క గుక్కలో చెప్పేశాను. "నీళ్ళలో ముంచినవి కుళ్ళిపోయాయండీ, అది నా తప్పే. మిగతావి తెచ్చాను. ఇవి మొలకలు. మట్టితో సహా తీసి పాతితే బతుకుతాయి. ఇవి నీళ్ళు పొయ్యని గింజలు. చచ్చిపోలేదండీ, నిద్రపోతున్నాయంతే. ఇప్పుడు నీళ్ళిచ్చినా లేస్తాయి."

ఆయన ఒక కప్పు తీసుకుని గింజని గోటితో నొక్కి చూశాడు. గంప కింద పెరిగిన మొలకని ఎత్తి చూశాడు. అది వెలుతురు కోసం వెతుక్కుని వెతుక్కుని తెల్లగా, పొడుగ్గా సాగిపోయింది. "ఇదేంటి, కాలేజీ కుర్రాడిలా ఉంది?" అన్నాడు. పిల్లలు నవ్వారు. భయం భయంగా నేనూ నవ్వాను.

కప్పులు ఒక్కొక్కటే దించి మొలకలు ఖాళీల్లో పెట్టడం మొదలుపెట్టాం. ఆయన వేలితో గుంట చేస్తే పిల్లలు మొలక పెట్టి మట్టి సర్దారు. నేను రెండు పెట్టాను. రెండూ ఆయన మళ్ళీ పీకి సరిగ్గా పెట్టాడు. పొద్దు వాలేసరికి ఆయన కోపం పనిలో కరిగిపోయింది. "ఆ చంకలోదేంటి?" అని అడిగాడు. గట్టు మీద ప్రణాళిక పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా మట్టిగడ్డలు పెట్టాను. ఆయనకి చదువొచ్చు. వేలు పెట్టి నెల వెంట నెల చదువుకుంటూ పోయాడు.

"డిసెంబర్లో పువ్వా? అప్పటికి పత్తి తీతలు సగం అయిపోతాయి. పువ్వు చూడాలంటే సెప్టెంబర్లో రావాలి, ఎన్ని కావాలంటే అన్ని." నేను పెన్ను తీసి పువ్వుని కొట్టేసి సెప్టెంబరులోకి బాణం గీశాను. "పురుగు ఫిబ్రవరిలోనా? ఫిబ్రవరి దాకా నీకోసం ఆగిద్దా అది? అక్టోబర్లో రా, గుడ్డు దగ్గర్నుంచీ చూపిస్తా. ఎన్ని చంపినా ఏమనను." ఇంకో బాణం. "వాన, తేమ... ఇది మార్చిలో ఎందుకు పెట్టావు తల్లీ? నోరెండిపోయి చస్తుంటే వాన పాఠమా?" మరో బాణం. నాలుగు రోజుల నా ఎర్ర సిరా తపస్సు పావుగంటలో బాణాల పొదిలా తయారైంది. ఆశ్చర్యమేమిటంటే నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదు. ఎందుకంటే ప్రతిసారీ ఆయన మాటే సరి.

చివరికి, పురుగు వెళ్ళిపోగా ఖాళీ అయిన ఫిబ్రవరి గడి మీద వేలు పెట్టాడు. "ఇక్కడ ఏమీ రాయబాకు. మిరపకోతలు. ఊళ్ళో నడవగలిగినోళ్ళంతా చేలోనే. పిల్లలు దొరకరు."

"మరి మీ అమ్మాయి?" అన్నాను.

నేన్మేడం తల వంచుకుని గోటితో మట్టి గీస్తోంది. "అందరితో పాటే" అన్నాడు ఆయన.

"క్లాసంతా నాకు వద్దండీ. ఈ పిల్లనొక్కదాన్ని పంపండి. ఒక్కతే ఉన్నా పాఠం చెబుతాను."

"ఒక్కదానికోసం నల్లపాడు నించి బస్సెక్కి వస్తావా?"

"వస్తానండీ."

ఆయన కూతురి వంక చూశాడు. మళ్ళీ నా వంక చూశాడు. "అయితే ఆ పెన్నిలా ఇయ్యి" అని, ఫిబ్రవరి గడిలో, నేను పాఠం పేరు రాయాల్సిన చోట, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన సంతకం పెట్టాడు. పక్కనే రేగడిమట్టి వేలిముద్ర కూడా పడింది. "రేప్పొద్దున్నే వచ్చిద్ది. సంచీ ఇంటికాడుంది" అన్నాడు, తనే ఏదో తప్పు చేసినవాడిలా.

మర్నాడు కరస్పాండెంట్ గారు ఆ షీటు చూసి, "అమ్మా, ఇది ప్రణాళికా, చేలకి నీళ్ళు పారించే కాలవల మ్యాపా?" అని తల పట్టుకున్నారు. ఆఫీసర్ల కోసం నా చేత శుభ్రంగా ఇంకొకటి రాయించి గోడకి కొట్టించారు. నేను మాత్రం ఆ ఏడాదంతా మట్టి అంటిన షీటు ప్రకారమే పాఠాలు చెప్పాను. సెప్టెంబరులో పువ్వు దొరికింది. అక్టోబరులో పురుగు దొరికింది (నేను కెవ్వున అరిచాను, పిల్లలు అరవలేదు).

ఫిబ్రవరి వచ్చింది. బడి నిజంగానే ఖాళీ అయింది. ఊరంతా మిరప ఘాటు. ఒక పొద్దున ఆరో తరగతి గదిలోకి వెళితే బెంచీలన్నిటికీ కలిపి ఒక్క పిల్లే ఉంది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఇక నేను నిలబెట్టుకోవాలి. సుద్దముక్క తీసి బోర్డు మీద పాఠం పేరు రాయబోతుంటే, "మేడం, అందరూ వచ్చాక ఇది మళ్ళీ చెబుతారుగా?" అంది నేన్మేడం. చెబుతానన్నాను. "అయితే ఇవాళ వేరేది చెప్పండి. పుస్తకంలో లేనిది."

బీయస్సీ ఫస్టు క్లాసు దాన్ని, బోర్డు ముందు నిలబడి ఎంత ఆలోచించినా పుస్తకంలో లేనిది ఒక్కటీ తట్టలేదు. ఆ పిల్ల కాసేపు జాలిగా చూసి, పక్కకి జరిగి, బెంచీ మీద నాకు చోటిచ్చింది. పత్తి పువ్వు పొద్దున తెల్లగా పూసి మర్నాటికల్లా గులాబీ రంగుకి ఎలా తిరుగుతుందో, కల్లంలో ఆరబోసిన మిరపకాయలకి మంచు తగిలితే ఏమవుతుందో, మబ్బు పడితే వాళ్ళ నాన్న ముఖం ఎలా ఉంటుందో, ఆ గంట మొత్తం నాకు చెప్పింది. మధ్యలో రెండుసార్లు "అర్థమైందా మేడం?" అని కూడా అడిగింది. నాకు ఒకసారి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది.

గంట కొట్టాక రికార్డు నింపాలి కదా. 'ఈ రోజు బోధించిన అంశం' అన్న చోట ఏం రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విన్న పాఠానికి, ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో 'పునశ్చరణ' అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసి, ఎంతో నమ్మకంగా సంతకం చేశాను, ఆ ఇరవై రెండేళ్ళ పిచ్చిపిల్లని.