పదకొండో మెట్టు పక్కన నీలి గీత

మా కింది వాటాలో ఉండే ఫిట్టరన్న మొన్న మంగళవారం పోయాడు. రోజూ పొద్దున ఏడింటికి పేపరు పట్టుకుని మా మెట్లెక్కే మనిషి ఆ రోజు రాలేదు. ఆయన బదులు వదిన గొంతు వినిపించింది. "సారూ, జర కిందికి రారి. మీ అన్న లేస్తలేడు." నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు.

అంత్యక్రియలకు వచ్చిన చుట్టమొకాయన నాతో, "మోకాళ్లు కొత్తగైనయట గదా సార్. ఉప్పల్ల ఇంత పెద్ద ఫొటో సూసిన" అన్నాడు. ఆ మాట విన్నాకే ఇది రాయాలని కూర్చున్నాను. ఆ అబద్ధాన్ని అక్కడే వదిలేసి మంచి మాటలు రాయడం నాకు చేతకాదు. నలభై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ని.

అన్న నాచారంలోని ఒక కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. చొక్కా జేబులో ఎప్పుడూ నీలిరంగు సుద్దముక్క ఉండేది. ఏ మిషను విప్పినా ముందు అప్పటి కొలత దాని ఒంటి మీదే సుద్దతో రాసి, కింద తేది వేసేవాడు. "ఇప్పకముందే గీత గియ్యాలె సారూ. లేకుంటే బాగైందో పాడైందో ఎట్ల తెలుస్తది?"

మోకాలి గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పిన రోజు ఆయన అదే పని మా మెట్ల గోడ మీద చేశాడు. మొత్తం పద్దెనిమిది మెట్లు. ఏ మెట్టు దగ్గర నొప్పికి తాళలేక రెయిలింగు పట్టుకున్నాడో అక్కడ ఒక గీత, కింద తేది. మొదటి గీత ఆరో మెట్టు పక్కన ఉంది. చిప్ప మార్పించుకోమన్నారు. "పార్టు మార్చుడు ఎప్పుడన్న అయితది. పాతది బాగైతదేమో ముందు సూద్దాం" అన్నాడు.

ఉప్పల్ రోడ్డు మీద ఒక క్లినిక్కులో మన రక్తమే తీసి, మిషన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారు. అరిగిన గుజ్జు దాంతో మళ్లీ పెరుగుతుందని వాళ్ల ప్రచారం. నేను చదివిందంతా ఆయన నెత్తిన పోశాను. కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గొచ్చు, గుజ్జు పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు, అదంతా మోసం అన్నాను. ఆయన టీ ఊదుకుంటూ అంతా విని, "గీత చెప్తది సారూ" అన్నాడు.

గీత పైకి పాకింది. మొదటి ఇంజక్షన్ తర్వాత తొమ్మిదో మెట్టు. రెండోదాని తర్వాత పద్నాలుగు. పళ్లు బిగబట్టి ఎక్కుతున్నావని దెప్పాను. మరో ఐదు నెలలకు గీత ఎనిమిదికి దిగింది. ఆ పొద్దున నేను ఎన్నడూ లేనిది లేచి వెళ్లి ఆయనకు స్వయంగా టీ పెట్టి తెచ్చాను. గ్లాసు అందుకుంటూ నా మొహంలోకి చూశాడు. "నా మోకాలు వడిపోతే మీ మాట నిలవడ్డదని సంబురమైతుందా సారూ?"

ఎన్నో పుస్తకాలు చదివాను. నన్ను అంత సరిగ్గా చదివినవాడు ఆయనొక్కడే.

అప్పటికే ఇంకో తప్పు జరిగిపోయింది. గీత పద్నాలుగు దగ్గరున్నప్పుడు క్లినిక్కు వాళ్లు ఒక కాగితం ఇచ్చి మీ అనుభవం రాయమన్నారు. కార్ఖానాలో రిపేరయ్యాక తనిఖీ కార్డు మీద కొలత, తేది వేసి సంతకం పెట్టడం ఆయనకు అలవాటు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. 'ఈ రోజుకు పద్నాలుగు మెట్లు. నొప్పి తక్కువ' అని రాసి, తేది వేసి, సంతకం పెట్టాడు. ఫొటో దిగమంటే దిగాడు. గీత దిగిపోయిన నెలలోనే ఫ్లెక్సీ లేచింది. నవ్వుతున్న ఆయన ఫొటో, కింద ఆయన సంతకం, పైన 'నా మోకాలి గుజ్జు మళ్లీ పెరిగింది'. పెరిగిందో లేదో చూడటానికి వాళ్లు మళ్లీ స్కానైనా తీయలేదు.

ఇద్దరం క్లినిక్కుకు వెళ్లాం.

"అంకుల్, సంతకం మీరే వెట్టిన్రు గదా" అన్నాడు మేనేజరు.

"వెట్టిన. తేది గూడ వెట్టిన. అదేడవోయింది?"

"డిజైన్ల పట్టలే అంకుల్."

"మనిషంత నా మొఖం పట్టింది, యేలంత తేది పట్టలేదా? తేది లేని కొలత కొలతే కాదు బిడ్డా. వెయ్యి, లేకుంటే తీసెయ్యి."

వేయలేదు, తీయలేదు. ఆయన ఇంకో నాలుగుసార్లు వెళ్లాడు. గొంతు ఒక్కసారీ పెంచలేదు.

ఇంత జరిగాక ఎవరైనా ఇలాంటి వైద్యం పేరెత్తితే తిడతారు. ఆయన మాత్రం ఒక పెద్దాసుపత్రిలో మూలకణాలతో గుజ్జు పెరుగుతుందో లేదో తేల్చే పరీక్ష జరుగుతోందని విని పేరిచ్చాడు. సగం మందికి మోకాల్లో మూలకణాలు, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికేది పడిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. వదిన గొణిగింది. "నీకు నీళ్లే వడ్తే?"

"నీళ్లని తెలుస్తది. ఎవలో ఒకలు నీళ్లోడు గాకుంటే మందు సంగతి ఎట్ల తెలుస్తదే? ఇసొంటి ఫ్లెక్సీలు సూసి పోయెటోళ్లకు నిజం ఎవలు జెప్పాలె?"

ఏడాది పాటు పిలిచిన ప్రతిసారీ వెళ్లాడు. గీత పదకొండుకు ఎక్కి అక్కడే నిలిచింది. ఆఖరి తనిఖీ వచ్చే నెల. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి ఆయనకు పడినదేమిటని అడిగాను. "నాకూ తెలీదు సార్. అందరి తనిఖీలూ అయ్యాకే ఆ చిట్టా విప్పుతారు" అంది డాక్టరమ్మ. ఫోన్ పెట్టేసే ముందు, "ఆయన ఒక్క తనిఖీ కూడా తప్పలేదు" అంది. ఆ సుద్ద ఏం తేల్చిందో తెలియకుండానే అన్న వెళ్లిపోయాడు. అయినా మోసమని కొట్టిపారేసిన నాకంటే, పెరిగిందని ఫ్లెక్సీ కట్టిన వాళ్లకంటే నిజానికి దగ్గరగా నిలబడ్డవాడు ఆయనే.

కర్మలకు ముందు మెట్లగోడకు సున్నం వేయిద్దామన్నారు చుట్టాలు. ఇల్లు నాది, వద్దన్నాను. గీతలన్నీ ఫొటో తీయించి నిన్న క్లినిక్కుకు తీసుకెళ్లాను. మేనేజరు, "ఆయన లేడు గదా సార్, ఇంకేంది?" అన్నాడు. నేనున్నాను అని చెప్పాను. ప్రతి సోమవారం వస్తానని కూడా చెప్పాను.

నా మోకాళ్లూ అరిగినవే. కిందికి దిగడం తప్పించుకోవడానికే ఇన్నేళ్లూ ఆయన చేత పేపరు మోయించాను. నిన్న తిరిగొచ్చేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన చొక్కా జేబులోని సుద్ద నా చేతిలో పెట్టింది. మెల్లగా ఎక్కి, మూడో మెట్టు పక్కన గీత గీశాను.

"రెండో మెట్టు కాన్నే రెయిలింగు వట్టిన్రు సారూ. నేను సూసిన" అంది కింద నుంచి.

ప్రూఫులో కొట్టేసినట్టు ఆ గీతను కొట్టేశాను. ఒక మెట్టు దిగి, సరైన చోట గీసి, కింద తేది వేశాను. తలెత్తితే, తొమ్మిది మెట్ల పైన ఆయన గీత.