రామ్మోహన్ గారి తొమ్మిదో నంబరు బూట్లు

1998 మార్చి. జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో నేను చెప్పుల దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. రైల్వే లైనుకి దగ్గర్లో ఇరుకు సందు. ఒక పక్క సైకిల్ రిపేరు, ఇంకో పక్క మిఠాయి కొట్టు, మధ్యన మాది. మా ఆయనకి ఉక్కు ప్లాంటులో షిఫ్టులు కాబట్టి దుకాణం నేనే చూసుకునేదాన్ని. అమ్ముడుపోయేవి హవాయి చెప్పులు, స్కూలు బూట్లు, డ్యూటీకి వేసుకునే సేఫ్టీ బూట్లు. ఆ ఏడాది సేఫ్టీ బూట్లు పంపే కాన్పూరు వ్యాపారి శాంపిలుకని నాలుగు జతల ట్రెకింగ్ బూట్లు పంపితే, అద్దాల బీరువాలో పెట్టాను.

వాటిని చూసే ఒక శనివారం మధ్యాహ్నం రామ్మోహన్ గారు స్కూటర్ ఆపి, కూతురు శిరీషతో లోపలికొచ్చారు. సోనారిలో ఇల్లు, ప్లాంటులో ఇంజనీరు, యాభై దాటిన మనిషి. పన్నెండో తరగతి పరీక్షలు అవగానే హిమాలయాలకి తీసుకెళ్తానని కూతురికి మాటిచ్చారట. వీపున సంచులేసుకుని పది రోజుల నడక. ఆ పిల్ల ముఖంలో సంబరం ఆగడం లేదు.

"ఎనిమిదో నంబరివ్వమ్మా. గట్టి జోడు కావాలి."

"ఒకసారి పాదం కొలిసి చూత్తానండి."

"ఇరవయ్యేళ్లుగా ఎనిమిదే వేస్తున్నాను."

అయినా ఫుట్ గేజ్ తెచ్చాను. మడమ ఆనించి పొడవూ వెడల్పూ చూసే ఇనప పలక అది. తొమ్మిది చూపించింది. కొండదారిలో పాదం ఉబ్బుతుంది, దిగేటప్పుడు ముందుకి జారుతుంది. అందుకని వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. తొమ్మిది తొడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. "తొడుక్కున్నట్టే లేదు." ఎనిమిది తొడిగాను. టో బాక్స్, అంటే వేళ్లుండే ముందు భాగం, పక్కకి ఉబ్బిపోయింది. నేను నొక్కి చూస్తే వేళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కున్నాయి. ఆయనేమో, "ఇప్పుడు హాయిగా ఉంది" అన్నారు.

నాకు ఏదో తేడాగా అనిపించింది. బూటు విప్పుతుంటే సాక్సు అడుగున గోధుమరంగు మరక. సాక్సు తీయించాను. బొటనవేలి కింద, అరికాల్లో పుండు. ఆయన వేసుకొచ్చిన ఆఫీసు బూట్లో చెయ్యి పెట్టగానే నా వేలికి సర్రున గుచ్చుకుంది.

"ఇదేటండీ, మేకు పైకొచ్చేసింది! మీకు గుచ్చుకోలేదా?"

"ఏ మేకు?" అని నవ్వారు.

శిరీష నవ్వలేదు. "డాడీ, ఆప్‌కో దర్ద్ నహీ హోతా?" అంది. నొప్పి లేదా అని అడుగుతోంది.

"లేదే."

అంతకు మూడేళ్ల కిందట ఒక క్రేన్ ఆపరేటర్ ఇలాగే వచ్చాడు. అరికాల్లో పుండు, బూట్లో మేకు, నొప్పి తెలియదు. నేను మేకు దిగ్గొట్టి, కొత్త జోడు అమ్మి పంపేశాను. షుగరు ముదిరిందనీ, పాదం తీసేశారనీ తర్వాత తెలిసింది. ఆ రోజు నోరు తెరవనందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

"సార్, ఇయాల మీకు బూట్లు అమ్మను. ముందు షుగరు చూపించుకోండి."

ఆయన ముఖం ఎర్రబడింది. "చెప్పులమ్మడం నీ పని. వైద్యం నాకు చెప్పకు" అని మేకున్న బూటుకే చెయ్యి చాపారు. దాన్ని వెనక్కి లాక్కున్నాను. "తిట్టండి, పడతాను. ఇది మాత్రం తొడగనివ్వను. ఈ హవాయి చెప్పులేసుకుని వెళ్లండి." శిరీష తండ్రి మణికట్టు పట్టుకుంది. "ట్రిప్ ఛోడో డాడీ. పహలే డాక్టర్." ప్రయాణం మాని ముందు డాక్టరు దగ్గరికి పదమంటోంది. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

పది రోజులకి శిరీష ఒక్కతే వచ్చింది. షుగరు చాలా ఎక్కువుందట. డాక్టరు అరికాలంతా నైలాను దారంతో తాకి చూస్తే ఆయనకి రెండుమూడు చోట్లే తెలిసిందట. స్పర్శ తగ్గినవాళ్లకి బిగుతు జోడే సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తుందని నాకూ అప్పుడే తెలిసింది. పుండు మానేదాకా నడక వద్దన్నారు. ప్రయాణం ఆగిపోయింది. స్టూలు మీద కూర్చుని ఆ పిల్ల కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, వచ్చీరాని తెలుగులో, "డాడీకి మీ మీద కోపం లేదు ఆంటీ. సిగ్గు" అంది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయనే వచ్చారు. పుండు మానింది, షుగరు అదుపులో ఉంది. మూడు రోజుల నడకకి డాక్టరు ఒప్పుకున్నారు. సంచిలో బరువు తక్కువుండాలని, రోజూ పాదాలు చూసుకోవాలని షరతు.

"ఆ రోజు మాట తూలానమ్మా. ఈసారి మీరేది ఇస్తే అదే."

కాన్పూరు నుంచి వెడల్పాటి తొమ్మిదో నంబరు తెప్పించాను. లోపల కుట్టు తగలనిది, తేలికైనది. ఎలా ఉందని ఆయన్ని అడగలేదు. బూటు లోపలి మెత్తటి పొర, ఇన్‌సోల్, బయటికి లాగి దాని మీద నిలబెట్టాను. వేళ్లు అంచు దాటలేదు. మొదట ఇంట్లో అరగంట, తర్వాత పార్కులో గంట, ఆ పైన సంచితో ఊరి దగ్గరి దల్మా కొండదారిలో నడవమన్నాను. తిరిగొచ్చిన ప్రతిసారీ శిరీష ఆయన సాక్సు విప్పి, ఎర్ర మచ్చ ఉందేమో చూడాలి. ఒకసారి చిటికెనవేలి పక్కన మచ్చ కనపడిందని బూటు పరుగున తెచ్చింది. ఆ చోట తోలు సాగదీసి ఇచ్చాను.

మేలో హిమాలయాల్లోని కుమావూ కొండల నుంచి తిరిగొచ్చి, రైలు దిగిన మర్నాడే ఇద్దరూ దుకాణానికి వచ్చారు. ఆయన స్టూలు మీద కూర్చుని, సాక్సులు విప్పి రెండు అరికాళ్లూ చూపించారు. ఒక్క బొబ్బ లేదు.

"బరువంతా ఇదే మోసింది" అన్నారు కూతుర్ని చూపిస్తూ. "దాని వెనకాలే నడిచాను. నాకెప్పుడూ అంత సంతోషం తెలియదమ్మా." చేతులు జోడించబోతే నేను పట్టుకుని ఆపేశాను.

హాయిగా ఉందా అని అడిగి, ఉందంటే పొట్లం కట్టడమే వ్యాపారం అనుకునేదాన్ని. పాదం చెప్పలేని మాట కూడా ఉంటుందని ఈయన దగ్గర నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఎవరొచ్చినా పాదం చూస్తాను, పాత జోట్లో చెయ్యి పెడతాను. ఆ తర్వాతి ఏళ్లలో ఇంకొందరిని డాక్టరు దగ్గరికి పంపాను. కొందరు విసుక్కున్నారు, కొందరు మళ్లీ రాలేదు. దానికి బాధ లేదు. రామ్మోహన్ గారు తన కాళ్లు నా వల్ల నిలబడ్డాయంటారు. నేనే ఆయనకి రుణపడి ఉన్నాను. అంత కోపంగా వెళ్లిన మనిషి తిరిగి రాకపోయుంటే, ఆ తర్వాత వచ్చినవాళ్లకి చెప్పడానికి నాకు నోరు పెగిలేది కాదు.