జాలీ డిష్షు, చిన్న ఛత్రి

మా వీధిలో మురుగుకాలువ కోసం రోడ్డు తవ్వినప్పుడు కేబుల్ వైరు తెగిపోయింది. కేబుల్ అతను వచ్చి, తెగిన కొసను చేతిలో పట్టుకుని కాసేపు చూసి, రేపు వస్తానని వెళ్లాడు. ఆ రేపు మళ్లీ రాలేదు.

టీవీ లేకపోతే నాకు పోయేదేమీ లేదనుకున్నాను. కానీ కరీంనగర్‌లో మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు. ఒకరు మా అత్తమ్మ. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న భైంసా మనిషి, మరాఠీ సీరియల్ చూడనిదే ఆమెకు ముద్ద దిగదు. ఇంకొకరు మా అవ్వ, నన్ను కన్నతల్లి. కంటి ఆపరేషన్‌కని చెన్నూరు నుంచి వచ్చి, కన్ను బాగయ్యాక కూడా వియ్యపురాలితో ముచ్చట్లు కుదిరి ఉండిపోయింది. ఆమెకు పొద్దున దేవుడి పాటలు, సాయంత్రం తెలుగు వార్తలు ఉండాలి. టీవీ మూగబోయిన మర్నాటి నుంచి ఇద్దరూ నా వంటను చూడడం మొదలుపెట్టారు. ఒకరు ఉప్పు చాలలేదంటే ఇంకొకరు పులుపు ఎక్కువైందనేవారు. వారం తిరగకముందే, ఏదో ఒక డిష్ తెచ్చి నన్ను కాపాడమని మా ఆయనకు చెప్పేశాను.

నెలనెలా డబ్బు కట్టే పనిలేని ఉచిత డిష్ అయితే మేలనుకున్నాం. మా ఆయనకు మందుల దుకాణం ఉంది. గిరాకీ లేనప్పుడల్లా ఫోన్‌లో వీడియోలు చూసి డిష్‌ల విషయంలో పెద్ద పండితుడైపోయాడు. మంచమంత జాలీ డిష్, అదే ఇనుప వలలా ఉండేది, ఒకటి పెడితే లోకంలోని చానళ్లన్నీ మా డాబా మీద రాలతాయని ఆయన నమ్మకం. అత్తమ్మ ఒప్పుకోలేదు. భైంసాలో ఆమె తమ్ముడి ఇంటి గోడకు పళ్లెమంత చిన్న డిష్, వాళ్లు ఛత్రి అంటారు, ఉందట, మరాఠీ చానళ్లు దానిలోనే వస్తాయట. మరి తెలుగు వస్తుందా వదినా అని మా అవ్వ అడిగింది. అత్తమ్మ ఆ మాట వినబడనట్టు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది.

డిష్‌ల దుకాణానికి నేనొక్కదాన్నే పోదామనుకున్నాను. తీరా చూస్తే ఇద్దరూ చీరలు మార్చుకుని నాకంటే ముందే ఆటోలో కూర్చున్నారు.

డిష్‌లు అమ్మే చాచా మా ఆయనకు పాత పరిచయస్తుడు. రెండు రకాల డిష్‌లూ దుకాణం మిద్దె మీద బిగించి, కింద రెండు టీవీలకు కలిపి పెట్టుకున్నాడు. వీళ్లకు స్టూళ్లు వేయించి చాయ్ తెప్పించాడు. ఇద్దరూ పెళ్లిచూపులకు వచ్చినట్టు కొంగులు సర్దుకుని టీవీల వైపు తిరిగారు.

"జర నా మాట వినుండ్రి అమ్మా," అన్నాడు చాచా. "గీ చిన్న ఛత్రిల హిందీ దండిగ వస్తది, మరాఠీ గూడ వస్తది. తెలుగు జరంతనే. గా జాలీది పెడితే తెలుగు వార్తలు, దేవుని చానళ్లు వస్తయి. పెద్ద సీరియళ్ల చానళ్లకైతే ఏది పెట్టినా పైసలు కట్టాలె."

రెండూ ఒక్క డిష్‌లో రావా అని అవ్వ అడిగింది. రావట. ఆకాశంలో అది ఒక దిక్కు చూస్తుందట, ఇది ఒక దిక్కు చూస్తుందట.

అప్పుడు మొదలైంది మర్యాద. మా వదినకు ఏది ఇష్టమైతే అదే తీసుకోమంది అవ్వ. వద్దు వద్దు, వదిన మాటే నా మాట అంది అత్తమ్మ. ఇద్దరి గొంతులూ తియ్యగానే ఉన్నాయి, చూపులు మాత్రం ఎవరి టీవీ మీద వాళ్లవి. చాచా రెండోసారి చాయ్ తెప్పించాడు. ఇక లాభం లేదని రెండు డిష్‌లూ ఇవ్వమన్నాను. మధ్యలో చిన్న స్విచ్చు పెడితే రెండూ ఒకే సెట్‌టాప్ బాక్సులోకి వస్తాయని చాచా భరోసా ఇచ్చాడు. బాక్సుల్లో పాత రకం, కొత్త రకం ఉన్నాయి. కొత్తదానిలో చానళ్లు ఎక్కువని ఆయన చెబుతూనే ఉన్నాడు, వీళ్లిద్దరూ రిమోట్లు చేతిలో పట్టుకుని బటన్లు నొక్కి చూస్తున్నారు. అంకెలు పెద్దగా ఉన్న రిమోట్ ఇద్దరికీ నచ్చింది. నా అదృష్టం కొద్దీ అది కొత్త రకం బాక్సుదే.

బిగించే రోజు ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. మెకానిక్, మా ఆయన డాబా మీద ముక్కలు ముక్కలుగా ఉన్న జాలీ డిష్‌ను జోడించి నైరుతి వైపు నిలబెట్టారు. చిన్న ఛత్రిని ఆగ్నేయం వైపు తిప్పబోతే పక్కింటి నీళ్ల ట్యాంకు అడ్డమొచ్చింది. ఈ సంగతి మెకానిక్ గానీ మా ఆయన గానీ ముందు చూసుకోలేదు. మళ్లీ విప్పి మెట్ల పక్క గోడకు బిగించారు. రెండు డిష్‌లూ అలిగిన తోడికోడళ్లలా చెరోవైపు మొహం పెట్టుకున్నాయి.

ఇక ఛత్రిని కొంచెం కొంచెం తిప్పుతూ మెకానిక్ వచ్చిందా అని పైనుంచి అడగడం, కింద టీవీ ముందున్న అత్తమ్మ రాలే అనడం. నేను మెట్ల మధ్యలో నిలబడి మాట మోస్తున్నాను. ఎంతసేపైనా రాలేదు. మెకానిక్ చొక్కా తడిసిపోయింది. అనుమానం వచ్చి దిగి చూద్దును కదా, టీవీలో అద్దంలా బొమ్మ. ఎవరో పెళ్లికూతురు ఏడుస్తోంది.

"బొమ్మ మంచిగనే వస్తుంది గద అత్తమ్మా," అన్నాను.

"వస్తుంది గని బిడ్డా, మరాఠీ రాలే," అంది ఆమె.

నేను పైకి పరిగెత్తేలోపు మెకానిక్ ఛత్రిని ఇంకో బెత్తెడు తిప్పేశాడు. పోయిన పెళ్లికూతురిని పట్టుకోవడానికి మళ్లీ చాలాసేపు పట్టింది.

చివరకు చిన్న డిష్ పలికింది, పెద్దది పలకలేదు. స్విచ్చు పాడైందో, బాక్సుకు సరిపడలేదో చాచాకూ తెలియలేదు. ఫికర్ చేయవద్దని, హైదరాబాద్ నుంచి ఇంకోటి తెప్పిస్తానని అన్నాడు. మరాఠీ చానళ్లు వచ్చాయి గానీ వాటిలో అత్తమ్మ సీరియల్ లేదు. అవ్వ వార్తలూ లేవు. దిక్కుతోచక రిమోట్ నొక్కుకుంటూ పోయి ఇద్దరూ ఒక భోజ్‌పురి సీరియల్ దగ్గర ఆగారు.

ఆ భాష మా ఇంట్లో ఎవరికీ రాదు. హిందీలాగే ఉంది, నాకు తెలుస్తుందని అత్తమ్మ ధీమా. అవ్వకు హిందీ కూడా రాదు, మొహాలు చూసే కథ చెప్పేది. అందులో ఒక కొత్త కోడలు పిల్ల, ఒక మీసాలాయన. ఆయన ఆ పిల్ల మొగుడి అన్న అని ఒకరు, కాదు మేనమామ అని ఒకరు. ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికి మర్నాడు మళ్లీ చూసేవారు. నా కూరలో ఉప్పు సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

కొత్త స్విచ్చు వచ్చింది. జాలీ డిష్‌లో తెలుగు వార్తలు గలగలా మొదలయ్యాయి. మా ఆయన రాజ్యం గెలిచినట్టు అవ్వను పిలిచాడు.

"పొద్దుగాల చూస్త తియ్ బిడ్డా," అంది అవ్వ. "గిప్పుడు గా కోడలు పిల్ల ఇల్లు ఇడిసి పోతదో ఉంటదో చూడాలె."

ఆయన మొహం చూసి నాకు జాలేసింది. నవ్వూ వచ్చింది.

కొన్ని నెలలకు ఆ భోజ్‌పురి చానల్ ఉన్నట్టుండి మాయమైంది. మా ఆయన బాక్సులో ఎన్నిసార్లు వెతికించినా దొరకలేదు. ఉచిత చానళ్లు అంతే, వస్తుంటాయి పోతుంటాయి అన్నాడు చాచా. కథ సగంలో ఆగిపోయింది. ఇద్దరూ రెండు రోజులు బెంగపడి, తర్వాత మిగతా కథ వాళ్లే చెప్పుకోసాగారు. అవ్వ కథలో ఆ పిల్ల ఇల్లు వదిలి టైలరింగ్ దుకాణం పెట్టుకుంది. అత్తమ్మ కథలో ఇంట్లోనే ఉండి తాళాల గుత్తి చేతిలోకి తెచ్చుకుంది. ఒకరోజు వాదన ముదిరి తీర్పు చెప్పమని నన్ను పిలిచారు. వంటగదిలోంచి చూసినంతలో నాకు తోచింది చెప్పాను, ఆ మీసాలాయన అసలు ఆ పిల్ల తండ్రేమోనని.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"దీనికేం తెల్వదు వదినా," అంది మా అవ్వ. "ఇది సరిగ చూడనే లేదు."

అవునని అత్తమ్మ తలూపింది. నేను వంటగదిలోకి వెళ్లిపోయాను.