ఏ భావమూ లేని మొహం

బొమ్మలాట బృందంలో అందరూ ఆయన్ని పెన్సిలు మావయ్య అంటారు. తాళ్లకు వేలాడే ప్రతి బొమ్మా ముందు ఆయన కాగితం మీద పుట్టాల్సిందే. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో రబ్బరు పొట్టు. కొత్తగా చేరినవాళ్లకు ఒకటే మాట చెబుతాడు. "మొహంలో ఏ భావమూ గీయకండి. నవ్వు గీశారా, చావు సీనులోనూ నవ్వుతూనే ఉంటుంది. తల ఎత్తితే సంతోషం, దించితే దుఃఖం. ఆ సంగతి ఆడించేవాడు చూసుకుంటాడు." ఏళ్ల తరబడి అవే మొహాలు గీసీ గీసీ ఆయన మొహమూ అలాగే తయారైంది.

ఈమధ్య గీసిన ముసలి రాజు మాత్రం మళ్లీ మళ్లీ తిరిగొస్తున్నాడు. "కళ్లు వాలిపోతున్నాయి మావయ్యా, ఇంకోటి గీయండి" అంటాడు దర్శకుడు. సాయంత్రం ఇంట్లో ఆ ఇంకోటి గీస్తుంటే భార్య టీ పెట్టి అక్కడే నిలబడింది.

"అలిసిపోయారా అంటే చెప్పరు. మీ మొహం చూసి నేనేం తెలుసుకోను?"

ఆయన తల కొంచెం దించాడు.

ఆయన బొమ్మలాటలన్నీ ముందు వరసలో కూర్చుని చూసిన మనిషి ఆవిడ. ఇంకేమీ అడక్కుండా ఆయన చేతిలోంచి పెన్సిలు తీసేసుకుంది.