ఇంజను కట్టేసి దించిన హెరాల్డ్

1982 ఫిబ్రవరి 12, శుక్రవారం, ఉదయం 8 గంటల 20 నిమిషాలు. అరకు వెళ్ళే ఘాట్ దారిలో సుంకరిమెట్ట దగ్గర రోడ్డు పక్కన రెండు కార్లు నిలిచి ఉన్నాయి. ఒకటి తెల్లని ఫియట్, రెండోది ఎర్రని హెరాల్డ్. రెండింటినీ పందెం కోసమే మార్చారు. ఫియట్‌కు రెండు కార్బురేటర్లు పెట్టి, బరువు తగ్గించడానికి వెనక సీటు తీసేశారు. హెరాల్డ్‌కు ఇంజను బలం పెంచి, ఆ వేగానికి తగిన బ్రేకులు కూడా అమర్చారు. వాటి యజమాని రమణమూర్తి విశాఖపట్నంలో కలప వ్యాపారి కొడుకు. మార్చిలో ఒక మోటారు క్లబ్బు జరిపే ఘాట్ రోడ్డు పోటీకి ఒక్క కారే వెళ్ళాలి. అది ఏదో తేల్చడానికి ఆయన వరహాలరావును పిలిపించాడు. ఎంచిన కారును పోటీలో అతనే నడపాలన్నది ఒప్పందం.

వరహాలరావు శృంగవరపుకోట వైపు రైతుబిడ్డ. లారీ క్లీనరుగా కొండెక్కి, అరకులో ఒక షావుకారు జీపుకు డ్రైవరయ్యాడు. ఇన్నేళ్ళలో బండికి గీత పడనివ్వలేదు. దిగుడు రాగానే ఇంజను కట్టేసి, గేరు తీసేసి, బండిని దాని బరువు మీదే జారనివ్వడం అతని పద్ధతి. పెట్రోలు మిగిల్చేందుకు ఆ దారిలో డ్రైవర్లంతా చేసేదే అది. షావుకారు అతన్ని మెచ్చుకునేది కూడా అందుకే.

పోటీ సంగతి అతను అప్పటికే అరకు టీకొట్లలో చెప్పేసుకున్నాడు.

"ఏటి వరహాలూ, మైకులో నీ పేరు సెప్తారటగా! ఇంక మా జీపులెక్కుతావేటి?" అని తోటి డ్రైవర్లు ఆటపట్టించారు.

"ఎక్కుతానురా, ఎనక సీట్లో," అన్నాడు.

ఆ ఉదయం వరహాలరావు ముందు ఫియట్‌ను తీసుకెళ్ళి వచ్చాడు. "బాగుంది మూర్తిబాబూ. ఎక్కుడులో కొంచెం ఆయాసపడతన్నాది." తరువాత హెరాల్డ్ ఎక్కాడు. రమణమూర్తి ఫియట్‌లో కొంత వెనకగా బయలుదేరాడు.

హెరాల్డ్ ఎక్కుడును అవలీలగా దాటింది. అరకు వైపు దిగుడు మొదలవగానే అతని చెయ్యి అలవాటు కొద్దీ తాళం తిప్పింది.

ఆ బ్రేకులకు ఒక లక్షణం ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు దానిలో ఏర్పడే శూన్యత, అంటే వాక్యూమ్, పాదం ఒత్తిడికి తోడ్పడుతుంది. ఇంజను ఆగితే మిగిలిన శూన్యత ఒకటి రెండు తొక్కుళ్ళకే సరిపోతుంది. ఆ పైన పెడలు రాయిలా బిగుస్తుంది. జీపు బ్రేకులకు ఇటువంటి ఏర్పాటు లేదు.

మూడో మలుపులో పెడలు బిగిసింది. ముందు గంగ అనే కొండమనిషి నెత్తిన చింతపండు గంపతో సంతకు నడుస్తోంది. వరహాలరావు హ్యాండ్‌బ్రేకు లాగి కారును కొండగట్టుకు గుద్దించాడు. గంగ చివరి క్షణంలో కాలువలోకి దూకింది. మోకాలు చీరుకుపోయింది. గంప చక్రం కింద నలిగింది.

రమణమూర్తి వచ్చి ముందు ఆమెను లేపి కూర్చోబెట్టాడు. తరువాత హెరాల్డ్ ఇంజను తిప్పి బ్రేకు తొక్కి చూశాడు. అది మెత్తగా దిగింది.

"వరహాలన్నా, ఇంజను కట్టేశావా?"

"లేదు బాబూ. గుద్దుకున్నాకే ఆగింది. బ్రేకే పట్టలేదు."

గంగ మోకాలు చూసుకుంటూ, తిట్టు కూడా లేకుండా అంది: "బండొస్తే సప్పుడొస్తాది కదా బాబూ. సప్పుడొస్తే తప్పుకోనా? ఇది పిల్లిలాగొచ్చీసింది."

వరహాలరావు రోడ్డు మీద కూర్చుని చింతపండు ఏరసాగాడు.

"వొదిలీ బాబూ, మట్టంటుకున్నాది," అంది గంగ. అతను మానలేదు. తలెత్తితే ఇద్దరి ముఖాలూ చూడాలి.

రమణమూర్తి అడిగాడు: "ఏ కారు పంపమంటావు?"

ఫియట్ అంటే వరహాలరావు అబద్ధం నిలుస్తుంది, పోటీలో చోటూ నిలుస్తుంది.

"హెరాల్డే బాబూ. దాన్లో తప్పేటీ లేదు."

"సరే. నడపడానికి ఇంకొకర్ని చూసుకుంటాలే," అన్నాడు రమణమూర్తి, నొప్పించకూడదన్నట్టు నెమ్మదిగా. ఆ నెమ్మదికే వరహాలరావు మళ్ళీ తల వంచుకున్నాడు.

పోటీ రోజు అతను జీపు బయటికి తీయలేదు. ఆ తరువాత దిగుడులో ఇంజను కట్టెయ్యలేదు. పెట్రోలు ఎందుకు ఎక్కువవుతోందని షావుకారు అడిగినా పద్ధతి మార్చలేదు. ఇంజను మోగుతూనే ఉన్నా, నడిచేవాళ్ళు కనపడితే చాలు, దూరం నుంచే హారన్ కొట్టేవాడు. తోటివాళ్ళు నవ్వేవారు. 1989లో స్టీరింగు వదిలేనాటికి ఆ జీపుకు అతను మార్పించిన హారన్లు: ఐదు.