సగం దవడ

మా కుక్క తాగిన నీళ్లలో ఎర్రటి చార తేలడం మొదట చూసింది మా మామయ్య. పొద్దున నేను బడికి తయారవుతుంటే వరండాలోంచి పిలిచాడు.

"బిడ్డా, జర గిటు రా. దీని నోట్లకెల్లి నెత్తురొస్తుంది."

పెదవి ఎత్తి చూశాను. కింది చిగురు మీద, కుడివైపు, రేగుపండంత గడ్డ ఉంది. పక్కనున్న పన్ను దాని ఒత్తిడికి వంకరగా జరిగిపోయింది. వేలితో తాకబోతే కుక్క తల వెనక్కి లాక్కుంది. కరవలేదు. అంతకుముందు కూడా అది ఎవరినీ కరిచింది లేదు.

జాతి కుక్క ఏమీ కాదు. మెదక్‌లో మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, పిల్లగా గేటు సందులోంచి దూరి వచ్చింది. గోధుమరంగు ఊరకుక్క. నేను టేక్మాల్ దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన మనోహరాబాద్ వైపు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. పగలంతా ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే, మామయ్యా కుక్కా. అత్తమ్మ పోయినప్పటి నుంచి ఆయన ఊళ్లో పొలం కౌలుకిచ్చి మా దగ్గరే ఉంటున్నాడు.

పశువుల దవాఖానలో డాక్టరు టార్చి వేసి చూశాడు.

"ఇది చీముగడ్డ గాదు మేడం. హైదరాబాద్ తీస్కపోండ్రి. జల్ది పోతే మంచిది."

హైదరాబాద్‌లో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఛాతీ ఎక్స్‌రే తీశారు. మమ్మల్ని లోపలికి పిలిచిన డాక్టరమ్మ ఆ గడ్డకు ఇంగ్లీషులో ఒక పెద్ద పేరు చెప్పారు. ఒళ్లంతా పాకే రకంలా కనిపించడం లేదనీ, కానీ కింది ఎముకను తినేస్తోందనీ, పైపైన కోస్తే మళ్లీ వస్తుందనీ వివరించారు. కుడివైపు దవడలో ముందు భాగం పళ్లతో సహా తీసేయాలట.

"దవడ తీసేస్తే ఎట్ల తింటది?" అని మా ఆయన అడిగాడు.

"కుక్కలు తొందరగానే అలవాటు పడతాయండీ. చూడ్డానికి మీకే కష్టంగా ఉంటుంది" అన్నారు ఆమె.

ఇంటికొచ్చి చెబితే మామయ్య ఒప్పుకోలేదు. "ముసలిదైంది. ఎన్ని దినాలుంటే అన్ని దినాలు మంచిగ సూస్కుందాం. దాన్ని గట్ల కోసుడెందుకు?"

"గడ్డ ఉంటే నొప్పి ఉండదా నాయినా?" అన్నాడు మా ఆయన.

మామయ్య పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆపరేషన్ రోజు ఆయన రాలేదు.

ఇంటికి తెచ్చినప్పుడు దాని ముఖం నాకు కొత్తగా అనిపించింది. కింది దవడ ఒక పక్కకు జరిగింది. నాలుక నిలపడానికి ఆధారం లేక కుడివైపు వేలాడుతోంది. చొంగ కారుతూనే ఉంది. కాలితో గోక్కోకుండా మెడ చుట్టూ గరాటులాంటి పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీ ఒకటి కట్టారు. అది వేసుకుని తలుపు సందులో ఇరుక్కునేది, గోడకు కొట్టుకునేది, తర్వాత కదలడమే మానేసి మూలన కూర్చునేది.

మెత్తగా ఉడికిన అన్నంలో చికెన్ మిక్సీ పట్టి కలిపి, చిన్న ముద్దలు చేసి పెట్టమన్నారు. ముద్ద నోట్లో పెడితే జారి కింద పడేది. మళ్లీ పెడితే ముఖం తిప్పేసుకునేది. నేను బడికి వెళ్లాక ఆ పని మామయ్యకు వచ్చింది. ఇంటర్వెల్‌లో ఫోన్ చేసేదాన్ని.

"తిన్నదా మామా?"

"నాకింది."

"ఎంత నాకింది?"

"నాకింది అంటున్న గద బిడ్డా."

అంతకుమించి చెప్పేవాడు కాదు. నేను క్లాసులోకి వెళ్లి, పద్యం సగంలో ఎక్కడ ఆపానో మరిచిపోయి పిల్లల్ని అడిగేదాన్ని. బస్సు దిగి ఇంటికొచ్చాక చెప్పులు విప్పకముందే దాని నోరు చూసేదాన్ని. వాసన మారిందా, కుట్లు ఊడాయా, ఎరుపు పెరిగిందా. తీసిన ముక్కను అంచుల వరకు పరీక్షించిన రిపోర్టు ఇంకా రాలేదు. అంచుల్లో గడ్డ మిగిలి ఉంటే ఇంకా లోపలికి కోయాలని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఇంకా కోయడానికి అక్కడ ఏం మిగిలిందని నాకు భయం.

ఒక సాయంత్రం వచ్చేసరికి టోపీ మేకుకు వేలాడుతోంది. కుక్క మామయ్య ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. పెదవి ఎత్తి చూస్తే కుట్ల చివర ఎర్రగా, శనగగింజంత ఉబ్బు. పొద్దున లేదది.

"టోపీ ఎందుకు తీసిండ్రు మామా?"

"గోడలకు కొట్టుకుంటుంది. పరేషాన్ అయితుంది."

"తీయద్దని ఎన్నిసార్లు చెప్పిన! గోక్కున్నట్టుంది చూడుండ్రి. మళ్ల గడ్డ లేసిందో ఏమో!"

నా గొంతు పెద్దదైంది. మామయ్య ముందు నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన వంగి, కళ్లజోడు సర్దుకుని, ఆ ఉబ్బును చాలాసేపు చూశాడు. "నేను సూస్తనే ఉన్న బిడ్డా. గోక్కోలే" అని మెల్లగా అన్నాడు. ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేనూ తినలేదు.

మర్నాడు మా ఆయన సెలవు పెట్టి, స్నేహితుడి కారు తెచ్చాడు. మేం బయల్దేరుతుంటే మామయ్య ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి వెనక సీట్లో కుక్క పక్కన కూర్చున్నాడు. నర్సాపూర్ అడవిలో రోడ్డు పక్కన కోతులు కనిపించగానే కుక్క లేచి నిలబడి మొరిగింది. ఆపరేషన్ తర్వాత దాని గొంతు వినడం అదే మొదటిసారి. మొరుగులా లేదు, దగ్గులా ఉంది. మామయ్య దాని వీపు నిమిరి, "ఆఁ, ఇంక గట్టిగ" అన్నాడు. మా ఆయన అద్దంలోంచి చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరమ్మ వేలితో నొక్కి చూసి, చిన్న కత్తెర లోపలికి పెట్టి ఏదో పట్టి లాగారు. దారం ముడి. కుట్టు దారం కరగకుండా ఉండిపోయి చుట్టూ కండ ఉబ్బిందట. గోక్కోవడం వల్ల కాదు, గడ్డా కాదు. రిపోర్టు కూడా ఆ ఉదయమే వచ్చిందని చెప్పి కంప్యూటర్ తెర మా వైపు తిప్పారు. అంచులు శుభ్రంగా ఉన్నాయి. గడ్డ అనుకున్న రకమే, మొత్తం తీసేశారు. నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

"టోపీ మాత్రం ఇంకొన్నాళ్లు తీయకూడదు" అన్నారు ఆమె.

మామయ్య ముందుకొచ్చాడు. "గా టోపీ పెడితే కండ్లు తెరుస్తలేదు డాక్టరమ్మా. దాని కాళ్లు నేను పట్టుకుంట."

"రోజంతా పట్టుకుంటారా?"

"నాకేం పనున్నది?"

ఆమె నవ్వి, ఎవరైనా పక్కనే కూర్చుని ఉన్నంతసేపు తీయొచ్చని, లేచినప్పుడు తప్పకుండా కట్టాలని చెప్పారు. తిరుగుదారిలో నేను, "నిన్న గట్ల అనాల్సింది కాదు మామా" అన్నాను. ఆయన కిటికీ బయటికి చూస్తూ, "నువ్వు భయపడ్డవు" అన్నాడు. అంతే.

ఆ తర్వాత నేను బస్సు దిగి వచ్చేసరికి వరండాలో కుర్చీ వేసుకుని, కుక్క ముందుకాలు ఒకటి చేతిలో పట్టుకుని కూర్చుని ఉండేవాడు. పక్కింటామె, "ఏం పెద్దాయనా, నాడి చూస్తున్నవా?" అని ఆటపట్టించేది. "ఆఁ, మంచిగనే కొట్టుకుంటుంది" అనేవాడు.

మామయ్య తనంతట తాను ఎవరికీ ఫోన్ చేయడు. అలాంటిది ఒక మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఆయన నంబరు వచ్చింది. వరండాలోకి పరుగెత్తాను.

"బిడ్డా, రొట్టె తిన్నది."

"ఎవరు మామా?"

"ఎవలేంది? కుక్క. నేనియ్యలే. నీళ్లకని లేస్తే నా పళ్లెంలకెల్లి జొన్నరొట్టె ఎత్తుకపోయింది. తల గిట్ల వంకర పెట్టి ఎడమ దిక్కు నమిలింది. పూరా తిన్నది!"

గట్టి తిండి ఇంకా పెట్టొద్దన్నారని చెప్పాలి. చెప్పలేకపోయాను. ఆయన అంత సంబరంగా మాట్లాడటం నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక చాలా తక్కువసార్లు విన్నాను.

ఇప్పుడు అది అన్నీ తింటుంది. తినేటప్పుడు సగం కింద పోస్తుంది, మళ్లీ ఏరుకుంటుంది. నాలుక కుడివైపే వేలాడుతుంది. నా చీరల అంచులకు చొంగ మరకలు మామూలైపోయాయి. అప్పుడప్పుడు హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాలి. వెళ్లే ముందు వారమంతా నాకు నిద్ర సరిగా పట్టదు.

ఆదివారం పొద్దున టార్చి తీసుకుని కూర్చుంటే అది తనే వచ్చి నా ముందు నిలబడుతుంది. పెదవి ఎత్తి చిగురంతా వేలితో తడిమి చూస్తాను. మామయ్య పేపరు పక్కన పెట్టి, "ఏమన్న ఉన్నదా?" అంటాడు.

"ఏం లేదు మామా."

"లేకుంటే ఇడువు మరి దాన్ని. ఆకలైతుంది దానికి."